సాలార్‌జంగు నిధికి ధర్మకర్తలు

మా పాఠకులలో పలువురు తమ గ్రామదేవాలయములకు ధర్మకర్తలుగా నుండినవారు. కానిచో అట్టివారి పొరుగున నున్నవారు. ధర్మకర్తృత్వమనిన నేమో వారికి మేము విప్పి చెప్పనక్కరలేదు. స్వామి నగలు పెట్టెలో నుండును. తాళపుచెవి యొకరి యొద్దను, పట్టిక వేరొకరి యొద్దను నుండును. ఉత్సవమునకు ముందు నలుగురి యెదుట పట్టిక చదివి, నగలు సరిచూచి వెలికి తీయుదురు. ఉత్సవము ముగిసిన పిమ్మట మరల సరిచూచి లోపల నుంతురు. ఆ నగ తనదని ధర్మకర్త తలపరాదు. తలచినవాని కథ ప్రతి తాలూకాలోను ఒకటి రెండైనను వినవచ్చును.

హైదరాబాదు పాతనగరమున, మూసీనది దక్షిణపు టొడ్డున, దారుల్‌షిఫా మహల్లాలో ఇట్టి ధర్మకర్తల సంరక్షణలో నొక మహానిధి యున్నది. నలువదివేలకు పైబడిన కళావస్తువులును, వేలకొలది వ్రాతప్రతులును, అంతకు పెక్కురెట్లు అచ్చుపుస్తకములును అందు కలవు. అదియే సాలార్‌జంగు మ్యూజియము. చార్మినారు చూడవచ్చిన పల్లెటూరివాడు సైతము దానిని చూడక మరలడు. ముసుగు రిబెకా ముందు నిలిచి ఆశ్చర్యపడనివాడును, గంట కొట్టు గడియారము ముందు పిల్లలను భుజములపై కెత్తుకొనని తండ్రియు అరుదు. అయిన, ఈ సొమ్మున కధికారు లెవ్వరు, వారిని నియమించున దెవ్వరు, వారు ఎవ్వరికి లెక్క చెప్పవలయును అని యడిగినచో నూటికొకడు చెప్పగలడో లేడో. ఆ విషయమునే నేడు ముచ్చటింపదలచితిమి.

మొదట సొమ్ము వచ్చిన తీరు తెలియవలయును. 1853లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున నిజాము రాజ్యమునకు దివానై, 1883లో మరణించువరకు ఆ పదవిలో నుండిన మీర్ తురాబ్ అలీఖాన్ మొదటి సాలార్‌జంగు. పన్నుల వసూలును గుత్తకు తీసికొని రైతును పిండిన తాలూక్‌దారుల పద్ధతిని మాన్పి, 1865లో జిలాబందీ నెలకొల్పి, రాజ్యమును జిల్లాలుగ విభజించినవా డాయనయే. భూవసతి గలవారు ఆయనను ఇందులకే యెక్కువగ స్మరింతురు. ఆయన 1876లో ఐరోపా యాత్రకేగినపుడు రోము నగరమున బెంజోనీ యను శిల్పి చెక్కిన రిబెకా విగ్రహమును కొనితెచ్చెను. పాలరాతితో పలుచని మేలిముసుగును చెక్కి, ఆ ముసుగు చాటున మోము కనబడునట్లు చేసిన యా పనితనమును మాటలతో వర్ణించుట వృథా. ఆయన కుమారుడు మీర్ లాయఖ్ అలీఖాన్ రెండవ సాలార్‌జంగు. కొలదికాలము దివానుగ నుండి 1889లో పిన్నవయసుననే గతించెను. అప్పటికి ఆయన కొడుకు మీర్ యూసుఫ్ అలీఖాన్ పుట్టి నెలయైనను తిరుగలేదు.

ఈ మూడవ సాలార్‌జంగే మన కథానాయకుడు. 1912లో దివానుగిరి చేపట్టి 1914లో దానిని విడిచిపెట్టెను. ఆ పిమ్మట ముప్పదియైదేండ్లు ఆయన చేసినది ఒక్కటే పని: కొనుట. చీనా పింగాణి, జపాను దంతపుపని, పారసీక చిత్రములు, ఫ్రెంచి పీటలు, బీదరు పాత్రలు, మొగలు కత్తులు, ఇంగ్లీషు గడియారములు, రవివర్మ పటములు, ఖురాను వ్రాతప్రతులు, చేతికఱ్ఱలు, బొమ్మలు. ఏది కంటికింపైన దానిని కొనెను. దొరలు పంపు జాబితాలను చూచియు కొనెను. గుమ్మము కడకు మూటతో వచ్చిన బేరగాని యొద్దను కొనెను. ఈ రాశిలో మేలుతో పాటు తాలును కలదని రసజ్ఞులందురు. కావచ్చును. జాగీరు రాబడి అంతయు కళకు వెచ్చించినవాడు అక్కడక్కడ మోసపోయినను, అదే రాబడిని గుఱ్ఱపు పందెములకు వెచ్చించినవారి కంటె తన ఊరికి మేలే చేసినాడని మా అభిప్రాయము.

ఆయన వివాహమాడలేదు. సంతానము లేదు. 1949 మార్చి 2వ తేదీన మరణించెను. కాలమును గమనింపుడు. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగి ఆరు మాసములు కాలేదు. ఆ 1949లోనే జాగీర్దారీ రద్దయినది. నిజాము రాజ్యమున తరతరములుగ నిలిచిన యిండ్లన్నియు పునాదులతో కదలుచున్నవి. అట్టి వేళ బిడ్డలు లేని ప్రభువు పోయిన దేవిడీలో గదులనిండ సరకు, దానిపై వారసులమని వచ్చిన దాయాదులు. ఉమ్మడి యింటి పంపకములు చూచినవారికి దీని ముగింపు ఊహించుట కష్టము కాదు. పెద్ద గంగాళమును నాలుగు తునకలు చేసి తూచుకొని పోయిన అన్నదమ్ములను మేమెరుగుదుము.

అట్లు జరుగకుండుటకు కారణము సాలార్‌జంగు ఎస్టేటు కమిటీ. ఆస్తి నిర్వాహమునకై యేర్పడిన ఈ సంఘమే ఈ మ్యూజియమునకు మొదటి పాలకవర్గమని చెప్పదగును. అప్పుడు హైదరాబాదు పరిపాలనాధిపతిగ నుండిన వెల్లోడి గారు చెదరియున్న వస్తువులను ఒకచోట చేర్చి ప్రజలకు చూపవలెనని సంకల్పించి, ఆ కార్యమును జేమ్స్ కజిన్స్ పండితున కప్పగించిరి. ఈ ఐరిష్ కవి తెలుగువారికి కొత్తవాడు కాడు. మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు ఆచార్యుడుగ నుండి 1919లో రవీంద్రనాథ ఠాకూరుకు ఆతిథ్యమిచ్చినది ఆయనయే. జనగణమన గీతమునకు ఆంగ్లానువాదము వెలసినది ఆ ఆతిథ్యకాలముననే. మైసూరు, తిరువాన్కూరు సంస్థానములలో చిత్రశాలలను తీర్చిన అనుభవము ఆయనకు కలదు. ఆయన దేవిడీలోని గదులను తిరిగి, వస్తువులను తరగతులుగ నమర్చెను. 1951 డిసెంబరు 16వ తేదీన జవాహర్‌లాల్ నెహ్రూ గారు దివాన్ దేవిడీలోనే మ్యూజియమును తెరచిరి. అంతవరకు ద్వారపాలకుని యనుమతి లేక ఎవ్వరును దాటని గడపను ఆ దినము మొదలు పత్తర్‌గట్టి వర్తకుడును, మీరాలం మండిలో కూరలమ్మువాడును దాటిరి.

వస్తువులు ప్రజల కంటబడినవే కాని ప్రజల సొత్తు కాలేదు. వ్యవహారము న్యాయస్థానమున నుండెను. ఎస్టేటు కమిటీ పాలన 1958 వరకు సాగినది. ఆ సంవత్సరము డిసెంబరు 26వ తేదీన హైకోర్టు డిక్రీ ననుసరించి వారసులు రాజీపడి, సేకరణమునంతను భారత ప్రభుత్వమునకు దత్తము చేసిరి. దాయాదులను నిందించుట లోకమునకు పరిపాటి. ఈ దాయాదులను మెచ్చుకొనుట మా విధి. రిబెకా విగ్రహము నొక్కదానిని విదేశమున వేలమునకు పెట్టినచో ఎంత ధనము వచ్చెడిదో వారికి తెలియక కాదు గదా.

మూడేండ్లు కేంద్రప్రభుత్వము స్వయముగ పాలించిన పిమ్మట, 1961లో పార్లమెంటు 26వ చట్టముగ సాలార్‌జంగు మ్యూజియము చట్టమును చేసెను. మన రాజ్యాంగపు కేంద్రపట్టికలో 62వ పద్దున కలకత్తా ఇండియన్ మ్యూజియము, విక్టోరియా స్మారకభవనము మున్నగు వానిని పేర్కొని, అట్టి యితర సంస్థలను సైతము జాతీయప్రాముఖ్యము గలవానినిగ పార్లమెంటు ప్రకటింపవచ్చునని వ్రాసియున్నది. ఆ యధికారముననే పాతబస్తీలోని యొక నవాబు ఇంటి సామాను, ఆయన పుస్తకభాండాగారముతో కూడ, యావద్భారతజాతి సొత్తుగ పరిగణింపబడినది. పాలనాభారమును స్వతంత్రప్రతిపత్తి గల ధర్మకర్తల మండలి కప్పగించిరి. 1968లో సరకునంతను దేవిడీనుండి దారుల్‌షిఫాలోని నేటి భవనమునకు తరలించిరి. కాలక్రమమున ఆ భవనమునకు ఇరుప్రక్కల మొదటి, రెండవ సాలార్‌జంగుల పేర మరి రెండు కట్టడములు చేర్చిరి.

ఇక మండలిని గూర్చి. అధ్యక్షుడు రాష్ట్ర గవర్నరు, పదవిచేతనే అధ్యక్షుడు. మొదట ఆంధ్రప్రదేశ్ గవర్నరు. 2014లో రాష్ట్రము విభక్తమైన పిమ్మట ఆ స్థానము తెలంగాణ గవర్నరుది. ఆయనగాక సభ్యులు పదుగురు. భారత ప్రభుత్వ ప్రతినిధులు, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధులు, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రతినిధి, సాలార్‌జంగు వంశమువారొకరు అందుందురు. దినదినము తలుపులు తెరచి మూయించు భారము డైరెక్టరుపై నుండును. ధనము ప్రధానముగ కేంద్రప్రభుత్వ ఖజానానుండి వచ్చును.

ఈ కూర్పును మేము తేలికగ తీసిపారవేయము. గవర్నరు అధ్యక్షుడగుటలో నొక సౌలభ్యము కలదు: ఏ పక్షపు మంత్రి వచ్చినను పోయినను, తన బంధువును గుమాస్తాగ వేయుమని అధ్యక్షుని యొద్దకు పోవుటకు కొంత జంకును. విశ్వవిద్యాలయమునకు చోటిచ్చుట విద్వత్తునకు చోటిచ్చుటయే. వంశమువారి స్థానము మాకన్నిటికంటె నచ్చినది. ఇల్లు దానమిచ్చినవాని మనుమడు పంచలో కూర్చుండి పెద్దల మాట చెప్పుచుండిన సంసారమునకు కళ యుండును. అట్టివాడు కొట్టులోని యొక పాత పెట్టెను చూచి, ఇది మా ముత్తవ్వ పెళ్ళిపెట్టె యని చెప్పగలడు. ఆ మాట ఏ గవర్నరు చెప్పగలడు?

ఇందుకు తూగు ఉదాహరణము లండనులో కలదు. 1753లో హాన్స్ స్లోన్ అను వైద్యుడు మరణించుచు, తన డెబ్బదివేల వస్తువులను ఇరువదివేల పౌనులకు జాతి కప్పగించునట్లు మరణశాసనము వ్రాసెను. పార్లమెంటు లాటరీ పెట్టి ధనము కూర్చి బ్రిటిష్ మ్యూజియమును స్థాపించెను. కాంటర్‌బరీ మతాచార్యుడు, లార్డ్ ఛాన్సలరు, పార్లమెంటు స్పీకరు, వీరు మువ్వురు పదవిచేత ప్రధాన ధర్మకర్తలైరి; స్లోన్, కాటన్, హార్లీ వంశములవారికి స్థానములుండెను. మన 1961 చట్టము పోకడ దీనికి దగ్గరి చుట్టము. చిత్రమేమనగా, మనమీ మాదిరిని కైకొన్న రెండేండ్లకే, 1963లో, ఆంగ్లేయులు దానిని వదలుకొనిరి. కొత్తచట్టములో మతాచార్యునకును ఛాన్సలరుకును పదవిచేత చోటు లేదు. ఇరువదియైదుగురు ధర్మకర్తలలో నొకరిని రాజ్యాధిపతి, పదునేనుగురను ప్రధానమంత్రి నియమింతురు. నలువురను రాయల్ అకాడమీ, రాయల్ సొసైటీ, బ్రిటిష్ అకాడమీ, పురాతత్త్వజ్ఞుల సంఘము సూచింపవలయును. అయిదుగురను ధర్మకర్తలే యెన్నుకొందురు. రాయల్ అకాడమీ యనగా చిత్రకారుల, శిల్పుల సంఘము. కుంచె పట్టినవాడు తన మాట చెప్పుకొనుటకు ఆ చట్టము ఒక ద్వారము తెరచినది.

మన మండలి లెక్కలో కుంచె పట్టినవాని సంఘమునకు పేరు పెట్టి యిచ్చిన చోటు మాకు కనబడదు. ప్రభుత్వము తాను నియమించువారిలో కళాభిజ్ఞుని చేర్చవచ్చును. చేర్చకపోయినను అడుగువారు లేరు. చిత్రకారుడు మ్యూజియములో కూర్చుండుటవలన నేమి లాభమని కొందరు ప్రశ్నింతురు. మేము ప్రతిప్రశ్న వేయుదుము: బీదరు పాత్రపై వెండితీగె పొదిగిన తీరును గుర్తించి, ఏది ఊడుటకు సిద్ధముగ నున్నదో చెప్పగలిగినది ఆ పని చేయు కమ్మరియా, కార్యదర్శియా? నిజాము సీమలో పుట్టిన ఆ బిద్రీపని నేటికిని చేతులలో బ్రతికియున్నది. ఆ చేతులకు మండలి గదిలో కుర్చీ లేదు.

పాతబస్తీకిని లేదనియే చెప్పవలయును. ఇది జాతీయసంస్థ, ఢిల్లీ ధనముతో నడచునది; అది నిజము. కాని జాతి యనునది మూసీ యావలి గట్టుననే యున్నట్లు ప్రవర్తింపరాదు. ఈ గోడకు కూతవేటు దూరమున నివసించు బాలునకు ఈ శాల వానియింటి చావడి వంటిది కావలెను. సెలవుదినములలో బాలురకు చిత్రలేఖన శిక్షణము, ఉపన్యాసములు, తాత్కాలిక ప్రదర్శనములు జరుగుచున్నమాట వాస్తవము, అందులకు సంతసించుచున్నాము. ఏ వస్తువును ఎప్పుడు చూపవలెను, ఏ భాషలో చీటి వ్రాయవలెను, ఏ గదిని ఎవరికొరకు తెరువవలెను అను నిర్ణయములో పొరుగువాడికి పాలు లేకపోవుటయే మా ఆక్షేపణ.

ఈ లోపమువలన కలిగిన నష్టమునకు నిదర్శనము దివాన్ దేవిడీయే. దానిని చూచుటకు మేము పత్తర్‌గట్టినుండి నడచిపోయితిమి. పాత కమానులు కొన్ని నిలిచియున్నవి. వాని క్రిందుగ బట్టల మూటలు మోయు కూలీలును, తోపుడుబండ్లును పోవుచున్నవి. కమాను దాటి లోపలికి పోయినచో దేవిడీ లేదు, అంగళ్ళు కలవు. మూడుతరముల దివానులు బ్రతికిన సౌధము, నెహ్రూ గారు మ్యూజియమును తెరచిన సౌధము కూలిపోయి బజారైనది. లోపలి వస్తువులకు పార్లమెంటు ధర్మకర్తలను చూపెను. ఇంటికి ధర్మకర్త దొరకలేదు. చట్టము కండ్లకు పింగాణి పళ్ళెము కళావస్తువు. ఆ పళ్ళెమున భోజనము వడ్డించిన శాల కళావస్తువు కాదు. స్థలమును విక్రయించుకొన్నవారిని మేము తప్పుపట్టము. నగరము నడుమ నేల విలువ తెలియనివా రెవ్వరు? కాని ఆ వీధివా డొకడు ధర్మకర్తలలో నుండియుండినచో, దేవిడీ సంగతి యేమని ఒక్కసారియైన సభలో నడిగియుండెడివాడు.

నగరమున మరియొక మాట తరచుగ వినవచ్చును. దేవిడీనుండి సరకు తరలినపుడు చాలభాగము మాయమైనదని, ఇప్పుడున్నది సగము కూడ కాదని ముసలివారు చెప్పుకొందురు. ఇందులకు సాక్ష్యమేదియు మేము చూడలేదు. కావున ఎవరిపైనను నింద మోపము. కాని వదంతి ఇన్నేండ్లు బ్రతుకుటకు కారణము ఊహింపదగినదే. ప్రదర్శనమున నున్నది మొత్తమున నొక భాగము. తక్కినది కొట్లలో నున్నది. కంటబడని సొమ్మును గూర్చి లోకము పలురకములుగ పలుకును. దేవాలయమున నగలపట్టిక నలుగురి యెదుట చదువుటలోని మర్మ మిదియే. దొంగను పట్టుకొనుట కంటె, దొర చేతిని శుభ్రముగ చూపుట దాని ప్రయోజనము. ప్రభుత్వపు తనిఖీ జరుగును, వార్షిక నివేదిక పార్లమెంటు బల్లపైకి పోవును, ఇవి మంచివే. ఆ నివేదిక చదువువాడు ఢిల్లీలోనున్న గుమాస్తా; వదంతి చెప్పువాడు ఛత్తాబజారులో నున్న తాత. ఇటీవల వస్తువుల ఛాయాచిత్రములను వివరములతో అంతర్జాలమున నుంచుచున్నారు. ఇది మేలైన పని. దానిని చివరి వస్తువు వరకు సాగించి, 1951నాటి పట్టికతోను 1968నాటి పట్టికతోను పోల్చి, తెలుగున ఉర్దూన అచ్చువేసి అమ్మినచో ఆ తాత నోరు మూతపడును; లేదా ఆయన చెప్పినది నిజమని తేలును. రెంటిలో నేదియైనను మండలికి గౌరవమే.

ప్రభుత్వము పూనుకొనక కేవలము వ్యక్తుల నిధులపై నడచిన ధర్మకర్తృత్వముల గతి నెరుగుటయు మంచిది. నిజాము నగలు ట్రస్టులో నుండెను. దీర్ఘవ్యవహారము పిమ్మట 1995లో భారతప్రభుత్వము 173 ఆభరణములను 218 కోట్ల రూపాయలిచ్చి కొని రిజర్వుబ్యాంకు భద్రపు గదులలో నుంచినది. 2001లోను 2006లోను వానిని ఈ సాలార్‌జంగు మ్యూజియముననే ప్రదర్శించినపుడు జనము బారులు తీరిరి. ప్రదర్శనము ముగియగనే పెట్టెలు నగరము విడిచి పోయినవి. దీనికి భిన్నముగ, శాంతినికేతనమున చదివి వచ్చి హైదరాబాదున స్థిరపడిన జగదీశ్ మిట్టల్ చిత్రకారుడును ఆయన భార్య కమలయు తాము కూడబెట్టిన చిత్రములను 1976లో ట్రస్టు పరము చేసి మ్యూజియముగ నొనర్చిరి. అచ్చట ధర్మకర్తయు, కళాకారుడును ఒక్కడేయై యుండెను. అట్టివాడు ప్రతి నగరమున పుట్టడు; పుట్టనిచోట చట్టము వాని కొరకు కుర్చీ వేసి యుంచవలయును.

మా కోరికలు పెద్దవి కావు. చట్టమును తిరగవ్రాయుమని యడుగుట లేదు. ప్రభుత్వములు తాము నియమించుకొను స్థానములలోనే ఒకటి పని తెలిసిన చిత్రకారునకో శిల్పికో, ఒకటి పాతబస్తీ నివాసికో కేటాయించిన చాలును. మండలి సమావేశములలో చేసిన తీర్మానములను, ధనవ్యయపు లెక్కను ద్వారము వద్ద బల్లకు అంటింపవలయును. గుడి ఆదాయవ్యయములు ధ్వజస్తంభము చెంత అంటించు ఆచారము మన జిల్లాలలో కొత్త కాదు. ఏడాదికొకమారు ధర్మకర్తలు, అధ్యక్షునితో సహా, ఆ గడియారమున్న ప్రాంగణములో కూర్చుండి ప్రజల ప్రశ్నలు వినవలయును. గంట గంటకు లోపలినుండి బొమ్మ వెలువడి గంట కొట్టుటను చూచుటకు వందలాది జనము అచ్చట బల్లలపై కూర్చుండి కనిపెట్టుకొనియే యుందురు; సభకు వేరుగ పిలుపు పంపనక్కరలేదు. శుక్రవారము మ్యూజియమునకు సెలవు. తక్కిన ఆరు దినములలో ఏదియైనను మాకు సమ్మతమే.